దుంప తెగ

బస్సు తప్పిపోతే అంటాను.
కెటిల్ పెట్టగానే ఫ్యూజు కొట్టేస్తే అంటాను.
వాక్లీ ఎత్తు మీద పాలసీసా చేజారి
వీధి చివరిదాకా దొర్లిపోయిన రోజున
సీసాకి వినపడేలా అన్నాను:
నీ దుంప తెగ.

గోడకవతల బెరిల్ హాటర్స్లీ
బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది.
ఆవిడ కొత్త మోకాలికి ఇంకా వంగడం రాదు.
"ఏమన్నావ్, లవ్?"
"తిట్టు."
"అది తెలుస్తూనే ఉంది. అర్థం?"
"నీ వేళ్ల దగ్గరి దుంప తెగిపోవాలని."
కాసేపు ఆలోచించింది.
"అయితే శనివారం రొట్టె కోసే కత్తి పట్టుకు రా,
నీకొకటి చూపిస్తా."

షెఫీల్డ్‌లో అక్టోబరంటే
ఆకాశాన్ని పిండకుండా ఆరేసిన రోజులు.
సికమోర్లు ఉన్నదంతా వదిలేసుకున్నాయి.
ఆవిడ మెట్ల పక్కన మాత్రం
ఏనుగు చెవులు (ఆవిడ పిలిచే పేరు అదే)
దళసరిగా, ఒక్కటీ రాలకుండా.
"వీటికి చలి తెలీదా?"
"ఎందుకు తెలీదు? చెవులు ఎర్రబడతాయి. అంతే."
నిజమే, అంచుల నుంచి
బీట్‌రూట్ రంగు పాకుతోంది.
తడి వేలితో ఆకు రుద్దింది.
కొత్త చెప్పులా కీచుమంది.

ముప్పై ఏళ్ల గుబురు, నడినెత్తిన బట్టతల.
తవ్వితే బయటపడ్డాయి కొమ్ములు,
అల్లానికి పెద్దన్నలు,
గోధుమరంగు పొలుసులతో
వెలుగెటుంటే అటు మెడ చాచినవి.
నా కత్తి ఆగిపోయింది.
మందులషాపులో రోజూ మాత్రలు విరిచేదాన్నే.
వాటి మీద గీత ఉంటుంది, ఎక్కడ విరవాలో చెబుతూ.
దీని మీద గీత లేదు.

"మొగ్గ చూసుకో" అంది.
మా భాషలో దాన్ని కన్నంటామని చెప్పాను,
చెరకుగడకి ఉన్నట్టు
కణుపు పక్కన మూతపడ్డ చిన్న కన్ను.
"అయితే కళ్లు చూసి కొయ్యి.
గుడ్డి ముక్క గుడ్డిగానే కుళ్లుతుంది.
జాలి మాత్రం పడకు.
జాలిపడితే కత్తి నలుపుతుంది,
నలిగిన చోటికే బూజొస్తుంది."

కోశాను.
లోపల లేత గులాబీ తెలుపు,
కరక్కాయ కొరికినట్టు వగరు వాసన.
ట్రేలో సగం కంపోస్టు, సగం గరుకు ఇసుక.
ముక్కల్ని నిలబెట్టలేదు, పడుకోబెట్టాను,
సగం లోపల, సగం బైట,
కళ్లు పైకి.
పదమూడు.

*

నవంబరంతా ఏమీ లేదు.
డిసెంబరులో ఒకదాన్ని దొంగతనంగా పైకెత్తి చూశాను.
తెల్లదారం లాంటిదేదో పుటుక్కుమంది.
అది బతకలేదు.
బెరిల్‌కి చెప్పలేదు.
ఇంకో రెండు వాటంతటవే మెత్తబడిపోయాయి.

ఫిబ్రవరిలో, షెడ్డు గాజు మీద
మంచు ముగ్గు గీసుకుంటున్న పొద్దున
పది కళ్లు విచ్చుకున్నాయి.
బొటనవేలి గోరంతేసి చెవులు,
అప్పుడే ఏదో వింటున్నట్టు.
వింటున్నాయి కదా అని
ఉయ్యాల్లో పిల్లలతో అన్నట్టు మెల్లగా అన్నాను:
మీ దుంపలు తెగ.

*

జూన్‌లో నాలుగు మాకుంచుకుని
ఆరు కుండీలు గేటు బైట పెట్టాం.
"ఉచితం" అని అట్టముక్క మీద బెరిల్ రాసింది,
వానకి కారిపోయే సిరాతోనే, ఎంత చెప్పినా వినకుండా.
సాయంత్రానికి ఐదు వెళ్లిపోయాయి.
ఎవరి మెట్ల పక్కకో, ఏ వీధికో, తెలీదు.
ఆరోదాన్ని పదిహేడో నంబరు పిల్లి
తోకతోనో, కావాలనో, కిందికి తోసింది.

గోడకవతల నుంచి
యార్క్‌షర్ నాలుక మీద గరుకెక్కి
నా తిట్టు వచ్చింది:
"నీ డుంపా టెగా!"

పిల్లి కదల్లేదు.
నేనే వెళ్లి, చెదిరిన మట్టి తోసి
కొమ్ము చేతిలోకి తీసుకున్నాను.
సరిగ్గా నడిమికి తెగింది.
రెండు ముక్కలూ తిప్పి చూశాను.
దీనికో కన్ను.
దానికో కన్ను.